న్యూరెంబర్గ్ సంతలో ఒక సంతకం

"జర్మనీ వెళ్ళొచ్చారట గదా, మన పత్రికకి నాలుగు ముక్కలు రాసివ్వండి" అని సంపాదకులు అడిగి చాలా నెలలైంది. "చేతికి కట్టు ఉందండీ" అని కొన్నాళ్ళు తప్పించుకున్నాను. విరిగింది ఎడమ చెయ్యి, రాసేది కుడి చేత్తో అని ఆయన కనిపెట్టేసరికి ఇక సాకులు మిగల్లేదు.

2025 సంక్రాంతికి మనవాళ్ళంతా కలిసినప్పుడు నా పిండికట్టు చూసి పలకరించని వాళ్ళు లేరు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను: "క్రిస్‌మస్ సంత చూడ్డానికి వెళ్ళి రాళ్ళమీద జారిపడ్డాను." అది అబద్ధం కాదు గాని, మొత్తం నిజమూ కాదు. మిగిలిన సగం ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఒంటరిగా వెళ్ళాలని వెళ్ళలేదు నేను. గుంటూరు మెడికల్ కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఎర్లాంగెన్‌లో ఉంటోంది. న్యూరెంబర్గ్‌కి అది పక్క ఊరే. "డిసెంబర్లో రావే, క్రిస్‌మస్ సంత చూపిస్తాను" అని ఎన్నేళ్ళుగానో పిలుస్తోంది. 2024లో డిసెంబరు 2, 3 తేదీల్లో ఇక్కడ జాతీయ దినోత్సవం సెలవులు వచ్చాయి. వాటికి మరికొన్ని రోజులు కలుపుకున్నాను. వీసా వచ్చింది, టిక్కెట్టు కొన్నాను. బయల్దేరడానికి అయిదు రోజుల ముందు ఆమె ఫోను చేసింది. వాళ్ళ నాన్నగారికి గుండెనొప్పి, ఆ రాత్రికే గుంటూరు వెళ్ళిపోతోంది. నా టిక్కెట్టు డబ్బు తిరిగి రాదు. మావారికి ఆఫీసులో సంవత్సరాంతం లెక్కలు, పిల్లలకి పరీక్షలు.

"నువ్వు వెళ్ళిరా. పిల్లల్ని అమ్మా నేనూ చూసుకుంటాం" అన్నారు మావారు.

"ఒక్కదానివేనా అమ్మా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ అడగదలుచుకున్నవన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

నాకు ముప్ఫయ్యేడేళ్ళు. పుట్టింటి నుంచి హాస్టలుకి, హాస్టలు నుంచి అత్తవారింటికి, అక్కణ్ణుంచి షార్జాకి వచ్చాను. ఇంట్లో మరో మనిషి లేకుండా, తలుపు గడియ నేనే వేసుకుని ఒక్క రాత్రి పడుకుని ఎరగను. ఎంతమందికి ధైర్యం చెప్పే డాక్టర్నో చూడండి!

అందులోనూ రోలాలో ఉండేవాళ్ళకి ఒంటరితనం అంటే ఏమిటో తెలిసే అవకాశం తక్కువ. మన చౌకుకి పేరిచ్చిన మర్రిచెట్టు 1978లో పోయింది. ఇక్కడివాళ్ళ మాటలో రోలా అంటే మర్రే. పండుగలకి దాని కొమ్మలకి ఉయ్యాలలు కట్టేవారని పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఆ చోట దాని జ్ఞాపకంగా ఒక శిల్పం ఉంది. చెట్టు పోయినా దాని నీడకి చేరే జనం మాత్రం పోలేదు. సెలవు సాయంత్రం అక్కడ నిలబడితే తెలుగు, మలయాళం, బెంగాలీ, పష్తో అన్నీ ఒకేసారి చెవిని పడతాయి. మా క్లినిక్కుకి వచ్చేదీ ఆ జనమే. అలాంటి చోటునుంచి, నా భాష తెలిసిన ప్రాణి ఒక్కటీ లేని ఊరికి వెళ్ళడానికి డిసెంబరు 3 రాత్రి విమానం ఎక్కాను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే విమానాశ్రయం కిందనే రైలుస్టేషను ఉంది. అక్కణ్ణుంచి వ్యూర్త్స్‌బుర్గ్ మీదుగా న్యూరెంబర్గ్‌కి రెండున్నర గంటలు. కిటికీలోంచి చూస్తే ఆకులన్నీ రాలిన చెట్లు, బూడిదరంగు ఆకాశం. మంచు కురుస్తుందని పిల్లలకి ఫొటోలు పంపుతానన్నాను గాని కురిసింది సన్నటి జల్లు. పాత ఊళ్ళో ఒక చిన్న లాడ్జింగు ఇల్లు. దాని యజమానురాలు డెబ్బయ్యేళ్ళు దాటిన పెద్దావిడ. ఆవిడకి ఇంగ్లీషు పది మాటలు వస్తే, నాకు జర్మన్ రెండు మాటలు వచ్చు: డాంకె, బిట్టె. మా ఇద్దరి సంభాషణా చేతులతోనే జరిగింది.

ఆ సాయంత్రమే సంతకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే క్రిస్‌మస్ నాకు కొత్త కాదు. మా గుంటూరికి లూథరన్ మిషను 1842లో హేయర్ దొరగారితో వచ్చింది. ఆయన జర్మనీలో పుట్టి అమెరికా మీదుగా వచ్చిన మనిషి. డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో సగం ఇళ్ళమీద కాగితపు నక్షత్రాలు వెలిగేవి. పక్కింటి నుంచి గులాబీపువ్వులూ కేకు ముక్కలూ పళ్ళెంలో వచ్చేవి. న్యూరెంబర్గ్ 1525లోనే లూథర్ మార్గంలోకి వెళ్ళిన ఊరు. అంటే నా చిన్ననాటి డిసెంబర్లకి ఇది ఒక విధంగా అమ్మమ్మగారిల్లన్నమాట.

ఊరి నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే చౌకు, దాని పక్కన ఫ్రావెన్‌కిర్షె అనే పాత చర్చి. చౌకు నిండా ఎరుపూ తెలుపూ చారల గుడ్డ కప్పిన కర్ర దుకాణాలు, నూట ఎనభై దాకా ఉంటాయి. ఈ సంతని క్రిస్ట్‌కిండ్లెస్ మార్క్ట్ అంటారు, అంటే బాలక్రీస్తు సంత. 1628 నాటి ఒక చిన్న కర్రపెట్టె మీద దీని ప్రస్తావన ఉంది. ఇంతవరకూ దొరికిన ఆధారాల్లో పాతది అదేనట. యుద్ధకాలంలో ఆగిపోయి, 1948లో మళ్ళీ మొదలైంది. అడ్వెంట్ మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం నాడు, బంగారు కిరీటం పెట్టుకున్న ఒక ఆడపిల్ల చర్చి ముందరి వసారా పైన నిలబడి సంత తెరుస్తుంది. రెండేళ్ళకొకసారి ఊరి ఆడపిల్లల్లోంచి ఆమెను ఎన్నుకుంటారు. 2019లో ఎన్నికైన బెనిగ్నా మున్సీ అనే అమ్మాయి తండ్రి మన దేశంవాడే. ఆ రంగు చూసి ఒక రాజకీయ పార్టీ స్థానిక శాఖవాళ్ళు వెటకారంగా రాస్తే, ఊరు ఊరంతా ఆ పిల్ల వైపు నిలబడింది. ఈ సంగతి నాకు చదివి తెలిసిందే గాని, ఆ వసారా కింద నిలబడి తల పైకెత్తి చూసినప్పుడు కొంచెం గర్వం కలిగిన మాట దాచను.

అక్కడి వాసన గురించి చెప్పి తీరాలి. లెబ్‌కూఖెన్ అని ఆ ఊరి తేనెరొట్టె ప్రసిద్ధి. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు, ధనియాలు, జాజికాయ వేస్తారు. మధ్యయుగంలో ఈ ఊరు సుగంధద్రవ్యాల వర్తకులకి కూడలి. చుట్టూ ఉన్న అడవిలో తేనెకి కొదవ లేదు. ఆ రెండూ కలిసి ఈ రొట్టె పుట్టింది. మంచిరకంలో పిండి నూటికి పది పాళ్ళకి మించకూడదు, జీడి బాదం జాతి గింజలు కనీసం పాతిక పాళ్ళుండాలి. దుకాణం ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే మా అమ్మ మసాలా డబ్బా మూత తీసినట్టే ఉంది. జనమంతా వేడిచేసిన ద్రాక్షసారా తాగుతున్నారు. నేను పిల్లలకి అమ్మే సారాలేని పంచ్ కొనుక్కున్నాను. కప్పుకి వేరే డబ్బు కట్టించుకుని, కప్పు తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు వాపసు ఇస్తారు. కోటప్పకొండ తిరునాళ్ళలో గోలీసోడా సీసా తిరిగిస్తే గాని వదలని అబ్బాయి గుర్తొచ్చాడు. బంగాళాదుంప తురుముతో వేసిన అట్లు, పక్కన ఆపిలు గుజ్జు. మన నాలుకకి కారం తక్కువే గాని ఆ చలిలో అమృతం.

చుట్టూ అందరూ జంటలుగానో గుంపులుగానో ఉన్నారు. "ఇది చూడు" అని చూపించడానికి నా పక్కన మనిషి లేదు. చూసినదాన్ని చూసినట్టే లోపల పెట్టుకోవడం అలవాటు లేక, ఒకటి రెండుసార్లు తెలుగులో పైకే మాట్లాడేశాను. ఎవరూ తిరిగి చూడలేదు. గదికొచ్చి గడియ పెట్టుకుని పడుకుంటే నిద్ర బాగానే పట్టింది. అత్తయ్యగారికి ఫోను చేసి ఆ మాటే చెప్పాను.

మర్నాడు 5వ తేదీ. కోట చూడ్డానికి బయల్దేరాను. ఏటవాలుగా ఎక్కే దారి, రాళ్ళు పరిచిన వీధి, రాత్రి పడిన తుంపర గడ్డకట్టి రాయిమీద అద్దంలా ఉంది. షార్జాలో కొన్న బూట్లు. కాలు జారింది, ఎడమచెయ్యి ఆనించాను. చప్పుడు నాకే వినబడింది. లేచి కూర్చుని చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి భోజనం చేసే ఫోర్కులా వంగి ఉంది. మెడికల్ కాలేజీ మూడో సంవత్సరం పిల్లవాడు కూడా చెప్పగల రోగనిర్ధారణ. దారినపోయే ఇద్దరు నన్ను లేపి టాక్సీ ఎక్కించారు.

ఆసుపత్రిలో ఎక్సురే తీశారు. ఎముక విరిగి పక్కకి జరిగింది. మత్తుసూది వేసి లాగి సరిచేసి కట్టు వెయ్యాలి. నన్ను చూసిన డాక్టరుకి ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు. ఆయన ఇంగ్లీషు నా హిందీలాంటిది. చేతిలో నాలుగు పేజీల కాగితాలు, అంతా జర్మన్.

"నేనూ డాక్టర్నే. ఏం చేస్తారో నాకు తెలుసు. ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను" అన్నాను.

ఆయన నవ్వి, కాగితాలు ఇవ్వకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్క వాక్యం వేలితో చూపిస్తూ, మాట దొరకనప్పుడు బొమ్మ గీస్తూ మొదలుపెట్టాడు. ఎముక ఎలా ఉంది, ఏం చెయ్యబోతున్నాడు, చెయ్యకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఏమిటి, సరిచేశాక మళ్ళీ జరిగిపోతే ప్లేటు వేసే ఆపరేషను కావచ్చు, నరం నలగవచ్చు, వేళ్ళు బిగుసుకుపోవచ్చు. అంతా అయ్యాక, "ఇప్పుడు మీరు అర్థం చేసుకున్నది మీ మాటల్లో చెప్పండి" అన్నాడు.

నవ్వొచ్చింది. నేను ఎంతమందికో చెప్పిన సంగతే. కాని చెప్పడం మొదలుపెడితే నా గొంతు వణికింది. తెలిసిన విషయమే, కాని ఈసారి చెయ్యి నాది. "వేళ్ళు బిగుసుకుపోవచ్చు" అన్నచోట ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. "పది నిమిషాల్లో వస్తాను, ఆలోచించుకోండి" అని బయటికి వెళ్ళాడు. వచ్చాక సంతకం పెట్టాను.

ఈ చెప్పడాన్ని వాళ్ళ భాషలో ఔఫ్‌క్లేరుంగ్ అంటారు. చీకటిగా ఉన్నదాన్ని తేటపరచడం, వెలుగులోకి తేవడం అని అర్థం. యూరపు చరిత్రలో జ్ఞానోదయ యుగానికి కూడా వాళ్ళు వాడేది ఈ మాటే. కాగితం ఇచ్చేస్తే చాలదు, నోటితో, అర్థమయ్యేటట్టు, ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి చెప్పాలని 2013లో చట్టంలో కూడా చేర్చారు.

సూది వేశాక నా మూడు వేళ్ళకి తీగతో అల్లిన జల్లెడ తొడుగులు తొడిగి, చెయ్యి పైకి వేలాడదీశారు. మోచేతి పైన బరువు కట్టారు. ఎముక నెమ్మదిగా సాగి దారికి రావడానికి పావుగంట అలా ఉండాలి. గదిలో ఎవరూ లేరు. ఎదురుగా వేలాడుతున్న నా వేళ్ళు తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు. అప్పుడు గుర్తొచ్చాడతను.

2016 నాటి మాట. నేను ఈ ఎమిరేట్లకి కొత్త. ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ. జగిత్యాల వైపు మనిషి, కట్టడం పనిలో ఇనపకడ్డీలు కోసే మిషన్లో కుడిచేతి చూపుడువేలు పడింది. ఎముక పిండి అయిపోయింది. సర్జన్‌గారు లోపల ఇంకో కేసులో ఉన్నారు. "వేలు తియ్యాలి. సంతకం తీసుకుని పంపించు" అని కబురు పెట్టారు. ఫారం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. బయట ఇంకా అయిదుగురు పేషెంట్లు.

"చిన్న ఆపరేషను. వేలు బాగుచేస్తారు" అన్నాను.

"కుట్లేస్తరా డాక్టరమ్మా?"

"ఆఁ" అన్నాను.

కుడిచెయ్యి గుడ్డలో చుట్టి ఉంది. అతని ఎడమ బొటనవేలు నేనే పట్టుకుని, సిరా అద్ది, కాగితం మీద ఒత్తించాను.

మర్నాడు పొద్దున కట్టు మార్చడానికి వెళ్ళాను. అతను చేతికేసి చూసుకుని, తల ఎత్తి, "కుట్లేస్తమన్నరు గద" అన్నాడు. ఎముక నుజ్జయిపోయిందని, ఉంచితే చీము పట్టి చెయ్యంతా పాడయ్యేదని చెప్పాను. అంతా నిజమే. అతను విన్నాడు. కోపం రాలేదు.

"అట్ల చెప్తే నేను వద్దంటనా డాక్టరమ్మా? ఒక్కసారి చూస్కుంటుంటి గద" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. క్షమించమనీ అడగలేదు. నర్సు చేతికి ట్రే ఇచ్చేసి తరవాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాను. ఫైలు చూస్తే ఎక్కడా లోపం లేదు. ఫిర్యాదు రాలేదు. సర్జన్‌గారు చేసిన వైద్యంలో తప్పు లేదు. కొన్నాళ్ళకి అతను ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను.

ఎనిమిదేళ్ళు ఆ సంగతిని "ఇక్కడ భాషల ఇబ్బంది" అనే అరలో పెట్టి తలుపు వేసేశాను. ఆ పావుగంటలో ఆ తలుపు ఊడిపోయింది. ఆ రాత్రి ఆ భవనంలో అతని భాష తెలిసిన డాక్టర్ని నేనొక్కదాన్నే. ఈ కుర్రవాడు తనదీ కాని నాదీ కాని మూడో భాషలో, బొమ్మలు గీసి, ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. అమ్మభాష ఒకటే అయిన మనిషికి నేను రెండు నిమిషాలు ఇవ్వలేదు. అడ్డం వచ్చింది భాష కాదు, నా తొందర.

కట్టు వేసి, వాపుకి చోటుండాలని దాన్ని నిలువునా చీల్చి, గుడ్డ చుట్టి పంపించారు. ప్రయాణం బీమా ఉంది గనక ఖర్చు బాధ లేదు. లాడ్జింగులో పెద్దావిడ నన్ను చూసి చేతులు నెత్తిన పెట్టుకుంది. బూట్లు గది బయట విడిచిపెట్టమని సైగ చేసింది. బురద తుడుస్తుంది కాబోలనుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే ఒక బూటులో అక్రోటుకాయలు, ఒక కమలాపండు, ఒక లెబ్‌కూఖెన్ ఉన్నాయి. డిసెంబరు 6 సెయింట్ నికొలాస్ పండుగ. ఆ ముందురాత్రి పిల్లలు బూట్లు బయటపెడితే నికొలాస్ తాత వాటిలో బహుమతులు వేసి వెళతాడట. ముప్ఫయ్యేడేళ్ళ పిల్లని నేను. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని నా బూటులేసులు కట్టింది. కట్టేముందు తల ఎత్తి, "బిట్టె?" అని అడిగింది.

ఒంటిచేత్తో బతకడం ఎంత కష్టమో ఆ రెండు రోజుల్లో తెలిసింది. చిల్లర లెక్కపెట్టాలన్నా, కోటు గుండీ పెట్టాలన్నా, అట్టు తుంచుకోవాలన్నా ఎవరో ఒకరు కావాలి. సంతలో అట్లు వేసే ఆమె నా కట్టు చూసి, కత్తి చేతిలోకి తీసుకుని, నేను తల ఊపేదాకా ఆగి, అప్పుడు ముక్కలు కోసి ఇచ్చింది. చౌకులో ఒక అందమైన శిఖరంలాంటి పాత ఫౌంటెను ఉంది. దాని ఇనప కంచెలో ఒక రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే కోరిక తీరుతుందంటారు. కుడిచేత్తో తిప్పాను. ఏం కోరుకున్నానో చెప్పను గాని అది చేతి గురించి మాత్రం కాదు.

7వ తేదీ శనివారం సంతకి వెళ్ళలేదు. మెట్రో రైలెక్కి బేరెన్‌షాంట్స స్టేషనులో దిగాను. నాజీ నాయకుల మీద 1945–46లో విచారణ జరిగిన న్యాయభవనం అక్కడే ఉంది. 600వ నంబరు గది, ముదురు రంగు చెక్క గోడలు. పై అంతస్తులో 2010 నుంచి ప్రదర్శనశాల ఉంది. వెళ్ళాలని ముందు అనుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఎందుకంటే నాయకుల విచారణ ముగిశాక అదే భవనంలో జరిగింది డాక్టర్ల విచారణ.

1946 డిసెంబరు 9న మొదలైంది. ఇరవైముగ్గురు ముద్దాయిలు, వారిలో ఇరవైమంది డాక్టర్లు. ఖైదీలను మంచునీళ్ళలో ఉంచి ఎంతసేపటికి ప్రాణం పోతుందో చూశారు. గాలి తీసేసిన గదుల్లో కూర్చోబెట్టారు. సముద్రపు నీళ్ళు తాగించారు. గాయాలు చేసి వాటిలో క్రిములు ఎక్కించారు. 1947 ఆగస్టులో తీర్పు వచ్చింది. ఏడుగురికి ఉరి, తొమ్మిదిమందికి జైలు, ఏడుగురు విడుదల. ఆ తీర్పులోనే పది సూత్రాలు రాశారు, న్యూరెంబర్గ్ నియమావళి అని మేము కాలేజీలో బట్టీపట్టినవి. మొదటిది, మనిషి స్వచ్ఛందమైన అంగీకారం లేనిదే అతని మీద ప్రయోగం చెయ్యరాదు. ఆ అంగీకారం ఇచ్చేవాడికి జరగబోయేది తెలియాలి, అర్థం కావాలి.

నన్ను నిలబెట్టేసిన సంగతి మరొకటి ఉంది. రోగికి చెప్పి, ఒప్పించి గాని కొత్త వైద్యం, ప్రయోగం చెయ్యకూడదని జర్మనీలో 1931లోనే ప్రభుత్వం నిబంధనలు చేసింది. ప్రపంచంలో అప్పటికి అంత స్పష్టంగా రాసుకున్న దేశాలు చాలా తక్కువ. కాగితం ఉంది. చదువుకున్న డాక్టర్లూ ఉన్నారు. ఎదురుగా ఉన్నది తమలాంటి మనిషేనని వాళ్ళు అనుకోవడం మానేశాక కాగితం ఎవర్నీ కాపాడలేదు.

వాళ్ళ నేరానికీ నా "ఆఁ"కీ పోలిక పెట్టడం లేదు. పెడితే అక్కడ చచ్చిపోయినవాళ్ళకి అవమానం. ఆ సూత్రాలు రాసింది ప్రయోగాల గురించి. నేను చేసింది వైద్యం, అదీ సరైన వైద్యం. కాని మన ఇళ్ళకి దగ్గర సంగతి కూడా ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా పరిశీలన పేరుతో వేలమంది ఆడపిల్లలకి సూదులు వేశారు. చాలామంది ఆశ్రమ హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాల తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఈడొచ్చిన ఆడపిల్లలకి వేయించమని నేనే చెబుతాను. మంచిదే కదా, అడిగేదేముంది అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. నేనూ ఆ రాత్రి అలాగే అనుకున్నాను.

8వ తేదీ బయల్దేరాను. పెద్దావిడ బూటులేసులు చివరిసారి కట్టి, వీధి చివరిదాకా నా పెట్టె లాక్కొచ్చింది. "డాంకె" అన్న ఒక్క మాటతో అంత చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు కట్టు చూసి, "ఒక్కదానివేనా అని అందుకే అడిగాను" అన్నారు. ఆవిడకి జనవరి మొదటివారంలో కంటి శుక్లం ఆపరేషను. రోజు నేనూ మావారూ ఖాయం చేశాం. డబ్బు కట్టేశాం. ఆవిడకి చెప్పింది ఒక్కటే: "ఏం లేదత్తయ్యా, పావుగంట పని." ఆ రాత్రి కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. కంట్లో ఏముంది, ఏం తీస్తారు, ఏం పెడతారు, నూటికి ఒకరిద్దరికి ఏ ఇబ్బంది రావచ్చు, అన్నీ తెలుగులో చెప్పి, "ఇప్పుడు మీ మాటల్లో మీరు చెప్పండి" అన్నాను. ఆవిడ వింతగా చూసి, పూసగుచ్చినట్టు అప్పజెప్పారు. తరవాత ఒక ప్రశ్న వేశారు.

"తలమీద నీళ్ళు ఎన్నాళ్ళు పోసుకోకూడదు?"

"పది రోజులైనా."

"మరి భోగినాడు తలంటు?"

మావారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. ముగ్గురు డాక్టర్లూ ఒక అకౌంటెంటూ ఖాయం చేసిన తారీఖు అది. ఈ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆపరేషను పండుగ వెళ్ళాక జరిగింది. ఆవిడ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నారు.

అందుకని, ఈ వ్యాసం చదివే మీ అందరికీ రెండు విన్నపాలు. మొదటిది, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల తరఫున మనం ఎన్ని ఫారాలమీద సంతకాలు పెడుతున్నామో ఒకసారి గుర్తుచేసుకోండి. పెట్టేముందు వాళ్ళకి చెప్పండి, వాళ్ళ నోట తిరిగి చెప్పించుకోండి. మీ ఇంట్లో వంటచేసే ఆమెను, మీ డ్రైవరును ఆసుపత్రికి తీసుకెళ్ళినా అంతే.

రెండోది, మా క్లినిక్కులో తరచు చేసే చిన్నచిన్న పనులకీ, పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చెప్పవలసిన వాటికీ తేలిక తెలుగులో ఒక్కొక్క పేజీ రాశాను. ఇప్పటికి ఏడయ్యాయి. ఫారం బదులు కాదు, ఫారం పెట్టేముందు చదివి వినిపించడానికి. అవి నిజంగా తేలికగా ఉన్నాయో లేదో డాక్టర్లకి తెలియదు. మీలో తీరిక ఉన్నవాళ్ళు చదివి, అర్థంకాని మాట కింద గీత గీసి ఇవ్వండి. కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్ళు మరీ ముఖ్యంగా కావాలి. నా గుంటూరు మాట అక్కడివాళ్ళకి ఎక్కడ తగులుకుంటుందో మీరే చెప్పగలరు. హిందీ, మలయాళం, బెంగాలీలో రాయగల స్నేహితులుంటే వారికీ చెప్పండి.

మొదటి పేజీ వేలి దెబ్బల గురించి. అందులో మూడో వాక్యం ఇలా రాశాను: "వేలు తియ్యవలసి వస్తే ముందే చెబుతాం. మీరు చూసుకోవాలంటే చూపిస్తాం."